దోమగారి కొత్తకాపురం

మన హైదరాబాదుకి చార్మినారుతో పాటు ఇంకో ప్రఖ్యాతి కూడా ఉంది. దాన్ని తెచ్చిపెట్టింది ఓ దోమ. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపు కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. మలేరియా దారి బయటపడింది. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి, కుట్టించి మరీ సంపాదించిన దోమలవి. అప్పట్లో కుట్టించుకుంటే అణా ఇచ్చారు. మనల్ని ఉచితంగానే కుడుతున్నాయి! రాస్ గారికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. దోమకేమీ రాలేదు. అయినా అది చిన్నబుచ్చుకోకుండా తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

ఆ బేగంపేట నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని పడమటికి పోతే రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, ఆపైన సంగారెడ్డి. ఒకప్పుడు జొన్నచేలూ చెరువులూ ఉన్న దారి. 1960లలో రామచంద్రాపురానికి బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిసింది. ఆ వెనకే పారిశ్రామిక వాడలు. పొట్ట చేతపట్టుకుని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. జనం వచ్చిన చోటికి దోమ రాకుండా ఉంటుందా?

చేలు పోయి మేడలు లేస్తే దోమ కూడా పోవాలి కదా అంటారేమో. ఇదే రోడ్డుకి ఆ చివరనున్న బొంబాయి కథ వినండి. మిల్లుల నగరంలో మలేరియా ఎందుకొస్తోందని బెంట్లీ అనే డాక్టరు పరిశోధించి 1911లో నివేదిక ఇచ్చాడు. దోషి ఏ చిత్తడినేలలోనో లేదు. ఇళ్ళల్లోని బావుల్లో, నీళ్ళ తొట్లలో ఉంది. అంటే పట్నం దోమ పట్నం నీళ్ళకి ఎప్పుడో అలవాటు పడింది.

దోమని గెలిచామని మనం ఒకసారి అనుకున్నాం కూడా. 1947లో దేశంలో ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చిందని అంచనా. డి.డి.టి. చల్లగా చల్లగా 1965 నాటికి అది లక్షకి దిగింది. పదకొండేళ్ళు తిరిగేసరికి, 1976లో, అరవై నాలుగు లక్షలు! దోమ మందుకి అలవాటు పడింది, మనం ఏమరుపాటుకి అలవాటు పడ్డాం.

తరవాత కాళ్ళమీద తెల్లచారలున్న ఇంకో దొరసాని రంగంలోకి దిగింది. దీని పేరు ఈడిస్, పుట్టిల్లు ఆఫ్రికా, ఓడలెక్కి ఊళ్ళు తిరిగింది. ఇది పగలు కుడుతుంది. మురుగంటే గిట్టదు, మంచినీళ్ళే కావాలి. గోళెం, హౌజు, డ్రమ్ము, పాత టైరు, ఏదైనా సరే. గుడ్లు నీళ్ళ అంచున గోడకి అంటిస్తుంది. నీళ్ళు పారబోసినా అవి నెలల తరబడి ఎండిపడి ఉండి, మళ్ళీ తడి తగలగానే లేచి కూర్చుంటాయి. డెంగ్యూ, చికున్‌గున్యా దీని చలవే. 2005 చివర మన రాష్ట్రంలో తలెత్తిన చికున్‌గున్యా మరుసటి ఏడు దేశంలో పదమూడు లక్షల మందికి పైగా మంచాన పడేసింది.

ఇప్పుడు అసలు సంగతి. 1965 నుంచి మంజీర నీళ్ళు సంగారెడ్డి పక్కనుంచే గొట్టాల్లో హైదరాబాదుకి పోతున్నాయి. పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, బావులూ బోర్లూ చెడిపోయాయి. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. లెక్క చూడండి: బావి చెడితే ట్యాంకరు. ట్యాంకరు వస్తే డ్రమ్ము. డ్రమ్ము ఉంటే ఈడిస్. దోమ వరస తప్పకుండా వచ్చింది.

ఇస్నాపూర్‌లో ఓ రేకుల ఇంటి ముందు డ్రమ్ములు చూసి, "వారానికోసారి ఖాళీ చెయ్యరాదమ్మా" అని సలహా ఇచ్చాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీళ్ళు పారబోస్తా సార్. రేపు ట్యాంకరు రాకుంటే నువ్వు తెచ్చిస్తవా?" అంది. మా ఆయనకి జ్వరమొస్తే ఎన్నిరోజులు పంటే అన్నిరోజుల కూలీ పోతది, ఆ సంగతి మాకు తెలీదా అని కూడా అంది. నా దగ్గర జవాబు లేదు. ఊరి బావి చెడిపోయేదాకా ఊరుకుని, చేతికి డ్రమ్మిచ్చి, ఆ డ్రమ్ములో దోమని చూపించి ఆవిణ్ణే మందలిస్తున్నాం!

డ్రమ్ము మీద బట్ట కట్టొచ్చు. నీళ్ళు అడుగంటిన రోజున లోపలి అంచు పీచుతో గట్టిగా తోమితే గుడ్లు ఊడిపోతాయి. అంతవరకూ ఆవిడ చేతిలో పని. బేగంపేటలో దోమ గుట్టు తెలిసి నూట పాతికేళ్ళు దాటింది. గొట్టం వెయ్యటం అంతకంటే పెద్ద పరిశోధనేం కాదు. నల్లాలో రోజూ నీళ్ళొచ్చే వాడలో డ్రమ్ము దానంతటదే మూలకి చేరుతుంది.