మంచులో హై హీల్స్: కారు దిగి తలుపు దాకా.. ఆ పది అడుగులే డేంజర్! జారిపడకుండా ఉండాలంటే ఇవి తెలుసుకోండి

అమెరికా, కెనడాల్లో జనవరి అంటే గడ్డకట్టే చలి. మన తెలుగువాళ్లకేమో అది సంక్రాంతి సీజన్. షికాగో, న్యూజెర్సీ, టొరంటో లాంటి చోట్ల స్కూల్ ఆడిటోరియాల్లో, కమ్యూనిటీ హాళ్లలో సంబరాలు జరుగుతాయి. పట్టుచీర, దానికి మ్యాచింగ్ హై హీల్స్.. హాల్లో ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. చిక్కంతా కారు దిగి తలుపు దాకా నడిచే ఆ కాసేపే. పార్కింగ్‌లో కంటికి కనిపించని ఐస్ మీద హీల్ పడితే మణికట్టు విరిగి ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. ఇంతకీ మంచుపై హీల్స్ ఎందుకు అంతలా జారతాయి? హీల్స్ పూర్తిగా మానేయాల్సిందేనా? వివరాలు చూద్దాం.

ఐస్ ఎందుకు జారుతుంది?

ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉన్నా ఐస్ పైభాగంలో నీటిలాంటి అతి పల్చటి పొర ఉంటుంది. బ్రిటన్ శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే 1850లోనే ఈ విషయం చెప్పారు. చలి తగ్గి సున్నాకు దగ్గరయ్యే కొద్దీ ఈ పొర మందం పెరుగుతుంది. అందుకే మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉన్న పొడి ఐస్ కంటే, సున్నా దగ్గర తడితడిగా కరుగుతున్న ఐస్ మీదే ఎక్కువగా జారిపోతాం.

పగలు ఎండకు కరిగిన నీరు రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. తారు రోడ్డు మీద అద్దంలా పరుచుకునే దీన్నే బ్లాక్ ఐస్ అంటారు. చూస్తే తడి రోడ్డులానే ఉంటుంది. మధ్యాహ్నం ఫంక్షన్‌కు వెళ్లేటప్పుడు బాగున్న దారే రాత్రి తిరిగొచ్చేటప్పుడు ప్రమాదకరంగా మారేది ఇందుకే.

హీల్స్‌తో వచ్చే చిక్కేంటి?

నడిచేటప్పుడు ముందుగా నేలను తాకేది మడమే. కాలు సర్రున ముందుకు జారేది కూడా ఆ క్షణంలోనే. స్టిలెట్టో హీల్ కొన వెడల్పు వేలి గోరంతే. దానికి ఉండే ప్లాస్టిక్ చలికి మరింత గట్టిపడి పట్టు కోల్పోతుంది. సన్నటి హీల్ ఐస్‌లో గుచ్చుకుని ఆపుతుందిలే అనుకుంటే పొరపాటే. గట్టి ఐస్‌లో ప్లాస్టిక్ కొన దిగదు. అదే కొత్తగా కురిసిన మెత్తటి స్నోలో అయితే హీల్ లోపలికి కూరుకుపోయి బ్యాలెన్స్ తప్పుతుంది.

ఇంకో సంగతి. మడమ పైకి లేచి ఉన్నప్పుడు చీలమండ ఎముకలోని సన్నటి భాగం కీలులోకి వస్తుంది. దాంతో కీలు కాస్త వదులవుతుంది. పాదం చిన్నగా జారినా చటుక్కున పక్కకు మడతపడుతుంది. జారగానే ఎవరైనా చేయి ఆనిస్తారు. ఒంటి బరువంతా అరచేతి మీద పడి మణికట్టు విరుగుతుంది. వైద్యులు దీన్నే కోలీస్ ఫ్రాక్చర్ అంటారు. ఐర్లాండ్ డాక్టర్ అబ్రహం కోలీస్ 1814లో దీన్ని వివరించారు. మెనోపాజ్ తర్వాత ఎముకలు బలహీనపడిన మహిళలకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

బూట్లు వేసుకుంటే సరిపోతుందా?

అన్ని వింటర్ బూట్లూ ఒకటి కాదు. టొరంటోలోని ఒక పరిశోధన సంస్థ ఐస్ పరిచిన నేలను కొద్దికొద్దిగా వాలుస్తూ, దాని మీద మనుషులను నడిపించి బూట్లను పరీక్షిస్తుంది. పడిపోకుండా వాళ్లకు బెల్టులు కడతారు. పాస్ కావాలంటే కనీసం 7 డిగ్రీల వాలులో జారకుండా నిలవాలి. 2016లో 98 రకాల బూట్లను పరీక్షిస్తే అందులో పదో వంతు కూడా పాస్ కాలేదు! కాబట్టి ధర, బొచ్చు చూసి కాదు.. అడుగుభాగం చూసి కొనాలి. మెత్తటి రబ్బరు సోల్, లోతైన గాళ్లు, వెడల్పాటి పొట్టి మడమ ఉండాలి. నున్నటి సోల్ ఉంటే వెడ్జ్ హీల్ అయినా జారుతుంది.

హీల్స్ మానక్కర్లేదు.. ఇలా చేయండి

* మంచు దేశాల్లో చాలామంది చేసే పని ఒక్కటే. హీల్స్‌ను సంచిలో పెట్టుకుని, బూట్లతో నడిచి, లోపలికి వెళ్లాక మార్చుకుంటారు. తిరిగి వెళ్లేటప్పుడూ తలుపు దాటకముందే బూట్లు తొడుక్కోవాలి.

* చీరను హీల్స్ ఎత్తుకు తగ్గట్టే కడతారు కాబట్టి, బూట్లలోకి మారగానే అంచు నేలకు తగులుతుంది. బయట ఉన్నంతసేపు కుచ్చిళ్లను కొంచెం పైకి ఎత్తి పిన్ను పెట్టుకుంటే అంచు తడవదు, అడుగు ఎక్కడ పడుతుందో కూడా కనిపిస్తుంది. లోపల థర్మల్ లెగ్గింగ్స్ వేసుకుంటే చలీ తగ్గుతుంది.

* ఐస్ మీద పెంగ్విన్‌లా నడవాలి. చిన్న చిన్న అడుగులు వేస్తూ, కాస్త ముందుకు వంగి, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి. చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు.

* బూట్లకు తగిలించే ఇనుప ముళ్ల క్లీట్స్ ఐస్ మీద బాగా పట్టునిస్తాయి. కానీ టైల్స్, మార్బుల్ మీద అవే జారతాయి. గుమ్మంలోనే తీసేయాలి.

* ఉప్పు చల్లారు కదా అని ధీమాగా ఉండొద్దు. సుమారు మైనస్ 9 డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు.

* బిగుతైన మొన చెప్పుల్లో వేళ్లకు రక్త ప్రసరణ తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కి తెల్లగా పాలిపోతే వెంటనే లోపలికి వెళ్లి, తడి పాదరక్షలు తీసేయాలి. మంట దగ్గర కాచుకోవద్దు, రుద్దొద్దు.

మనాలీ వెళ్లేవాళ్లకూ ఇదే మాట

తెలుగు రాష్ట్రాల నుంచి హనీమూన్‌కు మనాలీ, సిమ్లా వెళ్లే జంటలకూ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి. మనాలీ నుంచి సోలాంగ్, రోహ్‌తంగ్ వెళ్లే దారిలో గమ్ బూట్లు, కోట్లు అద్దెకు దొరుకుతాయి. ఫొటో కోసం హీల్స్ వేసుకోవాలనుకుంటే, గట్టి నేల మీద నిలబడి దిగి వెంటనే మార్చుకోవడం మేలు.

ఒకవేళ జారిపడితే కంగారుగా లేవకూడదు. ముందు మోకాళ్ల మీదకు వచ్చి, ఏదైనా ఆసరా పట్టుకుని మెల్లగా లేవాలి. మణికట్టు వాచినా, వంకర తిరిగినా, కాలు మీద బరువు మోపలేకపోయినా బెణుకే కదా అని వదిలేయకుండా ఎక్స్‌రే తీయించుకోవాలి. చెప్పులు మార్చుకోవడానికి పట్టేది రెండు నిమిషాలే. విరిగిన మణికట్టు అతకడానికి మాత్రం వారాలు పడుతుంది.