ఫోలిక్ ఆమ్ల విరోధులు – అండకణాలు

ఫోలిక్ ఆమ్ల విరోధులు కణవిభజనను అడ్డుకునే మందులు. వీటిలో మెథోట్రెక్సేట్ ప్రసిద్ధం. దీన్ని క్యాన్సర్‌, కీళ్లవాతం, సోరియాసిస్‌లకు, గర్భసంచి బయట పెరిగే గర్భానికి వాడతారు.

చరిత్ర

1931లో బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని వైద్య పరిశోధకురాలు లూసీ విల్స్ ప్రకటించారు. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తర్వాత తేలింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ఔషధ సంస్థ బృందం ఆ ఆమ్లాన్ని, దాని విరోధి అయిన అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందికి మేలు కనిపించిందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వెల్లడించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

గర్భిణిని కాపాడే ఆమ్లానికి విరోధి గర్భానికి చేటు చేస్తుందని 1952 నాటికే తెలిసింది. గర్భం పోవడం, నిలిచినా బిడ్డ పుర్రె, ముఖం, అవయవాల్లో లోపాలు రావడం గమనించారు. 1956లో వైద్యులు మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మాయ కణాల్లో పుట్టే క్యాన్సర్‌ను మెథోట్రెక్సేట్‌తో నయం చేశారు. గర్భసంచి తీయనక్కరలేకపోవడంతో ఇలా కోలుకున్న స్త్రీలలో ఎందరో తర్వాత తల్లులయ్యారు.

అండాలపై ప్రభావం

ఆడపిల్ల పుట్టేటప్పటికి అండాశయాల్లో సుమారు 10–20 లక్షల అండకణాలుంటాయి. వాటిలో అత్యధికం నిద్రాణంగా ఉంటాయి. మెథోట్రెక్సేట్ డీఎన్ఏ తయారీకి కావలసిన ముడిసరుకును ఆపుతుంది కనుక, దాని దెబ్బ ముఖ్యంగా ఎదుగుతున్న అండం చుట్టూ విభజన చెందే కణాలకు తగులుతుంది. నిద్రాణ నిల్వ చాలావరకు మిగులుతుంది. 1950లలో వచ్చిన మరో క్యాన్సర్ మందు సైక్లోఫాస్ఫమైడ్ తీరు వేరు: అది డీఎన్ఏ పోగులను నేరుగా ముడివేస్తుంది. అందుకే నిద్రాణ అండాలు కూడా నశిస్తాయి, నెలసరి అకాలంగా ఆగిపోవచ్చు. మోతాదు, వయసు పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ.

రక్షణ

ఘనీభవింపజేసి దాచిన అండాలతో తొలి కాన్పు 1986లో ఆస్ట్రేలియాలో జరిగింది. తీసి భద్రపరచిన అండాశయ కణజాలాన్ని తిరిగి అమర్చగా బెల్జియంలో 2004లో ఒక బిడ్డ పుట్టింది. ఈ దారులన్నీ మందు మొదలుపెట్టకముందే తెరవాలి. కాబట్టి పిల్లలను కనే విషయం తొలి మోతాదుకు ముందే వైద్యునితో మాట్లాడుకోవాలి. మెథోట్రెక్సేట్ వాడే స్త్రీ మందు ఆపాక కూడా వైద్యులు చెప్పిన గడువు దాటేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి.