తుపాను వాన నీటి రసాయనం: కార్వేటినగరం ప్రాంతం

బంగాళాఖాతంలో పుట్టే తుపానులు, వాయుగుండాలు నీటితోపాటు సముద్రపు లవణాలను కూడా నేల మీదికి మోసుకొస్తాయి. అందుకే మామూలు వానకూ తుపాను వానకూ రసాయన గుణంలో తేడా ఉంటుంది. చిత్తూరు జిల్లా కార్వేటినగరం తీరానికి సుమారు 90 కిలోమీటర్ల లోపల, కొండల నడుమ ఉంది. ఇక్కడి చెరువులు అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య నిండడం చాలా ఏళ్లలో వాయుగుండాల చలవే. 2021 నవంబరు 19న చెన్నై, పుదుచ్చేరిల మధ్య తీరం దాటిన వాయుగుండం అంతకు ముందురోజే తిరుపతిని ముంచెత్తింది. 2022 డిసెంబరు 9 రాత్రి మామల్లపురం దగ్గర మాండూస్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపానులు తీరం దాటాయి, ఈ ప్రాంతంలోనూ జోరుగా వాన కురిపించాయి.

గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఒక్కటే కరిగితే వాన నీటి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. రాయలసీమలో అంతకంటే ఎక్కువే కనిపిస్తుంది. తిరుపతి వాన నీటిని పరీక్షించి పరిశోధకులు 2005లో ప్రచురించిన వ్యాసంలో సగటు పీహెచ్ 6.78. ఎండిన నేల నుంచి లేచే ధూళిలోని కాల్షియం ఆమ్లాన్ని విరిచేయడమే దీనికి ముఖ్య కారణం. అంటే ఇక్కడి వానలో మామూలుగా నేలదే పైచేయి.

తుపాను ఈ తూకాన్ని మారుస్తుంది. పెనుగాలికి కెరటాలు విరిగి నురగ కడతాయి. ఆ నురగలో బుడగలు పగిలినప్పుడు సన్నని తుంపరలు లేస్తాయి, అవి ఆరితే ఉప్పు రేణువులు మిగులుతాయి. గాలి వేగం పెరిగేకొద్దీ ఈ రేణువులు ఎన్నో రెట్లు పెరుగుతాయి. పెద్దవి తీరం దగ్గరే రాలిపోతాయి, చిన్నవి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. మేఘంలో నీటి బిందువు కట్టడానికి అవే కేంద్రాలవుతాయి.

సముద్రపు నీటిలో క్లోరైడ్ బరువు సోడియం బరువుకు సుమారు 1.8 రెట్లు, సల్ఫేట్ బరువు సోడియంలో నాలుగో వంతు. వాన నీటిలోనూ ఇదే నిష్పత్తి కనబడితే ఆ లవణం కడలి నుంచి వచ్చిందనుకోవచ్చు. సల్ఫేట్ అంతకు మించితే ఆ మిగులు బొగ్గు పొగ వంటి వేరే చోటు నుంచి వచ్చినట్టు. తూర్పు ఆగ్నేయంగా చెన్నై, ఎన్నూరు పరిశ్రమలు ఉండే ఈ ప్రాంతానికి, ఆ వైపు నుంచి గాలి వీచినప్పుడు, ఈ లెక్క చాలా అవసరం.

తుపాను వాన ఉప్పగా ఉంటుందని అనుకోవడం మాత్రం సగమే నిజం. మొదటి జల్లు గాలిలోని ధూళినీ ఉప్పునూ కడిగి దించుతుంది. ముసురు సాగేకొద్దీ నీరు పలచబడుతుంది. ఉదాహరణకు 5 మిల్లీమీటర్ల జల్లులో లీటరుకు 10 మిల్లీగ్రాముల సోడియం ఉంటే చదరపు మీటరుకు చేరేది 50 మిల్లీగ్రాములు. 200 మిల్లీమీటర్ల తుపాను వానలో లీటరుకు 2 మిల్లీగ్రాములే ఉన్నా చేరేది 400. అంటే ఎకరానికి కిలోన్నరకు పైనే. గాఢత తగ్గినా నేలకు చేరే మొత్తం పెరగవచ్చు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే తప్పుడు నిర్ణయాలకు వస్తాం.

ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు, మరో సాక్ష్యం ఇస్తాయి. బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీరు ముందుగా రాలిపోతుంది కాబట్టి, ఎడతెగక కురిసే తుపాను వానలో దాని పాలు బాగా తగ్గుతుంది. బావి నీటిలోనూ ఆ గుర్తు కనిపిస్తే, భూగర్భ జలంలో తుపాను వాటా ఎంతో అంచనా వేయవచ్చు. కార్వేటినగరానికి దగ్గరలోని గాదంకి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో రాడార్ కొలతలనూ వాన నీటి ఐసోటోపులనూ జోడించి మేఘాల తీరును అధ్యయనం చేశారు.

తుపాను మొత్తానికి ఒకే సీసాలో పట్టిన నీరు ఈ మార్పులన్నిటినీ కలిపి దాచేస్తుంది. కాబట్టి ఇక్కడ నమూనా తీసేవారు గంటగంటకూ సీసా మార్చాలి, ఆ గంటలో పడిన వాన ఎన్ని మిల్లీమీటర్లో పక్కనే రాసి పెట్టాలి.