స్టూవర్టుపురం: ఒక పేరు, దానికి అంటిన నింద



విజయవాడ నుండి చెన్నై వెళ్లే రైలు మార్గంలో బాపట్ల దాటాక, చీరాల రాకముందు స్టూవర్టుపురం అనే చిన్న స్టేషన్ ఉంది. ఆ ఊరు చూడనివాళ్లకు కూడా ఆ పేరు తెలుసు. మన తెలుగువాళ్లలో దాన్ని ఊరి పేరుగా కాక దొంగతనానికి మారుపేరుగా వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయితే ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో ఉన్న ఒక తెల్లదొరదనీ, ఆ ఊరిని స్థాపించి నడిపింది ఒక క్రైస్తవ సంస్థ అనీ చాలామందికి తెలియదు. ఇది మన ఇంటి సంగతి గనుక మేము రాయడం న్యాయమనుకున్నాము.

అక్కడ నివసించేవారిలో ఎక్కువమంది ఎరుకలవారు. ఎరుక అంటే తెలివిడి, తెలిసి ఉండడం. సోది చెప్పే ఎరుకల స్త్రీ మన కథల్లో, జానపదాల్లో కనబడుతుంది. మగవాళ్ల బతుకు మాత్రం సోదితో గడిచింది కాదు. గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రతీరపు ఉప్పును మెట్ట ప్రాంతాలకు చేరవేసి, అక్కడి ధాన్యాన్ని తిరుగు దారిలో తెచ్చేవారు. ఆ తెగలో శాఖల పేర్లు వింటే చాలు, వారి చేతిపనులన్నీ తెలిసిపోతాయి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, వెదురు చీల్చి బుట్టలు అల్లే దబ్బ ఎరుకల, నేతగాళ్ల పడుగుకు గంజి పట్టించే కుంచెలు కట్టే కుంచె ఎరుకల. ఇంత పని తెలిసినవారిని పుట్టుకతో సోమరులని, దొంగలని ఎలా అనగలిగారో మాకు అర్థం కాదు.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆ బతుకు తెగిపోయింది. రైలు వచ్చింది, ఉప్పు బస్తాలు రైలెక్కాయి. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, పన్ను బిగిశాయి. 1876-78 కరువు మెట్ట ప్రాంతాలను తుడిచిపెట్టింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురు కొట్టడానికి, పశువులు మేపడానికి అడ్డు వచ్చింది. కొందరు దొంగతనాలకు దిగారు, కాదని మేము అనము. ఆకలిగొన్న ఏ కులంలోనైనా కొందరు దిగుతారు. కాని ఇక్కడ కొందరి నేరం తెగ మొత్తానికి పుట్టుమచ్చ అయింది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో అచ్చయిన తన ఆంగ్ల గ్రంథంలో ఈ సంగతులన్నీ పాత ప్రభుత్వ కాగితాల నుండి వెలికి తీశారు. ఇంగ్లీషు చదవగల యౌవనస్థులు తప్పక చదవాలి.

నేరస్థ తెగల చట్టం మొదట 1871లో ఉత్తర భారతంలో వచ్చింది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ చట్టం ప్రకారం ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే, ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ అడగకూడదు. వేలిముద్రలు తీసుకుంటారు. ఊరు దాటితే చెప్పి వెళ్లాలి. ప్రభుత్వం కావాలనుకుంటే ఆ కుటుంబాలను ఒకచోట సెటిల్‌మెంటుగా ఉంచవచ్చు, పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి బడుల్లో పెట్టవచ్చు.

ఇక్కడ సాల్వేషన్ ఆర్మీ ప్రవేశించింది. దాని నాయకుడు ఫ్రెడరిక్ బూత్-టక్కర్ మామూలు మనిషి కాడు. ఐ.సి.ఎస్. ఉద్యోగం వదులుకుని, 1882లో బొంబాయిలో దిగి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకుని, కాషాయ బట్ట కట్టి, చెప్పులు లేకుండా తిరిగినవాడు. ఆయన త్యాగాన్ని మేము తక్కువ చేయము. కాని నేరస్థ తెగలని ముద్ర పడినవారి మధ్య తమ పని గురించి ఆయన రాసిన పుస్తకానికి పెట్టిన పేరు చూడండి: క్రిమినోక్యూరాలజీ, అంటే నేరాన్ని రోగంలా నయం చేసే శాస్త్రం. ముందు రోగి అని ముద్ర వేస్తేనే కదా వైద్యుడికి పని.

1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర కొత్త సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో హోం వ్యవహారాలు చూసే సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. సాగు చేసుకోమని భూములు ఇచ్చారు, బడి పెట్టారు, ఆరాధన పెట్టారు. వాటితోపాటు హాజరు పట్టీ, బయటికి వెళ్లాలంటే పాసు, పాసు లేకుండా వెళితే శిక్ష. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీ వచ్చాక ఆ ఫ్యాక్టరీకి ఈ సెటిల్‌మెంటు నుండి కూలీలు వెళ్లారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలోని మరో సెటిల్‌మెంటువారు రాళ్ల క్వారీలో పనిచేశారు. ఊరు విడిచి వెళ్లే స్వేచ్ఛ లేని కూలీ ఏ యజమానికి చేదు?

ఇది సాల్వేషన్ ఆర్మీ ఒక్కదాని సంగతి అనుకుని మిగతా సంఘాలవారు ఊపిరి పీల్చుకోనక్కరలేదు. కావలిలో ఎరుకలవారి సెటిల్‌మెంటును నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు.

దీన్ని ఎలా తూచాలి? మేము రెండు వైపులా ఆలోచించాము. పోలీసు ఠాణాల చుట్టూ తిప్పించుకుని, దెబ్బలు తిని, ఎక్కడా నిలవనీయబడని కుటుంబాలకు అక్కడ ఒక ఇల్లు, ఒక పలక దొరికింది. అక్షరం అందిన తరానికి దాని విలువ తెలుసు. అయినా ఒక చేతిలో బైబిలు, మరో చేతిలో హాజరు పట్టీ పట్టుకున్న కాపరి మనకు సువార్తల్లో కనబడడు. ప్రభువు జక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు అతడు ముందు తన లెక్కలు చూపించాలని అడగలేదు, రోమా అధికారికి అతని పేరు పంపలేదు. అతిథిగా వెళ్లాడు. సెటిల్‌మెంటులో దొరగారు అతిథి కాడు. ఆరాధన ముగించిన మనిషే పాసు మీద సంతకం చేస్తుంటే, ఆ సంతకం కోసం నిలబడ్డవాడు ఎవరి యెదుట మోకాళ్లూనినట్టు?

చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో ఎత్తివేసింది. దేశమంతటా అది రద్దయినది 1952 ఆగస్టు 31న. కాని కాగితం మీద చట్టం చెరిగినంత సులువుగా పేరు చెరగలేదు. అలవాటైన నేరస్థుల చట్టం అని మరొకటి అప్పటికే వచ్చింది. ఎక్కడ ఏ దొంగతనం జరిగినా అనుమానపు వేలు ఆ ఊరి వైపే తిరిగేది.

1970ల్లో ఆ ఊరివారి మధ్యకు వచ్చి కూర్చున్న వారిలో హేమలతా లవణం, ఆమె భర్త లవణం ముఖ్యులు. ఆమె మహాకవి గుర్రం జాషువా కుమార్తె. ఆయన విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా కుమారుడు. నేరం వదిలినవారికి బతుకుతెరువు, పిల్లలకు చదువు, పోలీసులతో రాజీ, ఈ మూడింటి కోసం సంస్కార్ అనే సంస్థ ద్వారా ఏళ్ల తరబడి శ్రమించారు. ఒక దైవసేవకుడిగా ఇది రాయడం మాకు తేలిక కాదు, కాని నిజం రాయాలి: సంఘం పేరుతో మొదలైన ఊరిలో మనుషుల్ని మనుషులుగా చూసే ఆ పనికి దేవుడు లేడనే కుటుంబంవారు ముందుకు వచ్చారు. మంచి సమరయుని కథలో యాజకుడు, లేవీయుడు పక్కకు తప్పుకుని పోయిన దారి గుర్తుకు వస్తుంది.

నజరేతు అనే పేరు వినగానే నతనయేలు నోట వచ్చిన ప్రశ్న మనకు తెలుసు. ఆ ఊరినుండి మంచి రాదని అతడు ముందే తేల్చుకున్నాడు. మన ప్రభువు ఆ పేరును తన సిలువ మీది పలక దాకా మోశాడు. స్టూవర్టుపురంలో చదువుకుని ఉద్యోగానికి వెళ్లే యువకుడు దరఖాస్తులో ఊరి పేరు రాసేటప్పుడు అదే ప్రశ్నను ఎదుర్కొంటున్నాడు.

సినిమావాళ్లు ఆ పేరును మరింత దూరం తీసుకుపోయారు. ఒక్క 1991లోనే స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్, స్టూవర్టుపురం దొంగలు అని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చినప్పుడు, తమ ఊరిని, తమ జాతిని కించపరచవద్దని హైకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. సినిమావాళ్లను అనడానికి మనకు పెద్ద అర్హత లేదు. ఉజ్జీవ కూటాల వేదికల మీద మారుమనస్సుకు దృష్టాంతం కావలసినప్పుడల్లా ఆ ఊరి దొంగను లేవదీసే ప్రసంగీకులు మనలోనే ఉన్నారు. వినేవాళ్లలో ఆ ఊరి తల్లి ఒకతె తన బిడ్డతో కూర్చుని ఉండవచ్చని వారికి తోచదు.

ఎరుకలవారు తమలో తాము మాట్లాడుకునే భాష వేరే ఉంది, అది తమిళానికి దగ్గరి చుట్టం. ఇప్పుడు వారు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. ఆగస్టు 31ని దేశంలోని అనేక విముక్త జాతులవారు తమ విడుదల దినంగా జరుపుకుంటారు. ఈ సంవత్సరం నుండి ఆ తేదీకి దగ్గరి ఆదివారం, ఆరాధనలో వారికోసం ప్రార్థించాలని మా సంఘపెద్దలతో కలిసి నిర్ణయించుకున్నాము.