నాలుక కదలిక పరీక్ష: రూపం నుండి పలుకు దాకా

నాలుకను నోటి అడుగుకు కలిపే పొర పుట్టుకతోనే పొట్టిగా ఉంటే నాలుక కదలిక తగ్గుతుంది. దీనిని గుర్తించే పద్ధతులకు దీర్ఘచరిత్ర ఉన్నది. సుశ్రుతసంహిత నిదానస్థానం ఐదు జిహ్వారోగాలను పేర్కొన్నది. వాటిలో 'అలసం' నాలుకను స్తంభింపజేస్తుంది. అయితే అది నాలుక కింద వచ్చే వాపు కనుక, పుట్టుకతో వచ్చే ఈ లోపంతో సమానంగా భావించరాదు.

ఆధునిక కాలంలో 1993లో ఆలిసన్ హేజెల్‌బేకర్ శిశువుల పరీక్షకు రూపానికి ఐదు, పనితీరుకు ఏడు అంశాలు నిర్ణయించారు. 1999లో లారెన్స్ కాట్లో నాలుక స్వేచ్ఛాభాగం 16 మిల్లీమీటర్లకు మించితే సాధారణమన్నారు.

మాటలు నేర్చిన పిల్లలకు కొలత ఒక్కటే చాలదు. పలుకును కూడా పరిశీలించాలి. 'కల'లోని లకారానికి నాలుక కొన పళ్ల వెనుక తాకితే చాలు. 'కళ'లోని ళకారానికి అది వెనక్కి మడవాలి. కాని ళకారాన్ని లకారంగా పలికే వాడుక తెలుగునాట అనేక కుటుంబాలలో ఉన్నది. ఇంటి పలుకును విచారించకుండా నాలుకనే తప్పుపడితే అనవసరమైన శస్త్రచికిత్సకు దారితీయవచ్చు.

విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం రెండూ ఉన్నాయి. ఈ రెండు వైద్యసంప్రదాయాలకు తెలుగు ధ్వనిశాస్త్రం తోడైతే కృష్ణా డెల్టా పలుకుబడికి తగిన పరీక్షావిధానాన్ని రూపొందించవచ్చు.