అమీర్‌పేట మెట్రో రైలు స్టేషన్: చరిత్ర, నిర్మాణ స్వరూపం

హైదరాబాదు మెట్రో రైలు వ్యవస్థలో రెండు కారిడార్లు కలిసే అమీర్‌పేట స్టేషన్ నగర ప్రజా రవాణాకు కీలక కూడలిగా నిలిచింది. మియాపూర్–ఎల్.బి. నగర్ మొదటి కారిడార్, నాగోల్–రాయదుర్గం మూడవ కారిడార్ ఇక్కడ సంగమిస్తాయి. పరేడ్ గ్రౌండ్స్, ఎం.జి.బి.ఎస్. స్టేషన్లు మిగిలిన రెండు మార్పిడి కేంద్రాలు.

నేపథ్యం

కంప్యూటర్ శిక్షణ సంస్థలకు, విద్యార్థుల వసతి గృహాలకు పేరొందిన అమీర్‌పేట, మైత్రీవనం ప్రాంతం మెట్రో రాకకు చాలా ముందు నుంచే జనసమ్మర్దంతో కిటకిటలాడేది. ఇరుకైన రహదారిపై నేలమట్టంలో మరో రవాణా మార్గానికి చోటు లేనందున, స్తంభాలపై నిర్మించే ఆకాశ మార్గం అనువైనదిగా పరిగణింపబడింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఈ ప్రాజెక్టును చేపట్టేందుకు 2010 సెప్టెంబరు 4న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎల్ అండ్ టి సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నది.

దశలవారీ ప్రారంభం

ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ 2017 నవంబరు 28న తొలి దశను ప్రారంభించగా, మరునాటి నుంచి ప్రజలను అనుమతించారు. 30 కిలోమీటర్ల ఈ దశలో మియాపూర్–అమీర్‌పేట 13, నాగోల్–అమీర్‌పేట 17 కిలోమీటర్లు. ఆనాడు రెండు మార్గాలకూ అమీర్‌పేటే చివరి స్టేషన్ కావడంతో, నాగోల్ నుంచి మియాపూర్ వెళ్లేవారు ఇక్కడ దిగి మరో రైలు ఎక్కవలసి వచ్చేది.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్.బి. నగర్ మార్గాన్ని, 2019 మార్చి 20న అమీర్‌పేట–హైటెక్ సిటీ మార్గాన్ని గవర్నర్ శ్రీ ఇ.ఎస్.ఎల్. నరసింహన్ ప్రారంభించారు. 2019 నవంబరు 29న మూడవ కారిడార్ రాయదుర్గం వరకు విస్తరించింది. దీనితో అమీర్‌పేట చివరి స్టేషన్ అనే స్థితి నుంచి నాలుగు దిశల ప్రయాణానికి కూడలిగా మారింది.

స్టేషన్ అమరిక

మొదటి కారిడార్‌లో పంజాగుట్ట, ఎస్.ఆర్. నగర్ స్టేషన్ల నడుమ, మూడవ కారిడార్‌లో బేగంపేట, మధురానగర్ స్టేషన్ల నడుమ అమీర్‌పేట నెలకొని ఉన్నది. రహదారి నుంచి మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టుల ద్వారా కాన్‌కోర్స్‌కు చేరవచ్చును. టికెట్ కౌంటర్లు, భద్రతా తనిఖీ, స్వయంచాలక ప్రవేశ ద్వారాలు ఈ అంతస్తులోనే ఉన్నాయి. దానిపైన రెండు కారిడార్ల ప్లాట్‌ఫారాలు వేర్వేరు అంతస్తులలో ఉన్నాయి. ఒక కారిడార్ నుంచి మరొక దానికి మారే ప్రయాణీకులు ప్రవేశ ద్వారాలు దాటి వెలుపలికి రానక్కరలేదు. వేరుగా టికెట్ కొనవలసిన అవసరమూ లేదు. రైలు దిగినవారు తాము వెళ్లవలసిన దిశను సూచించే బోర్డులను గమనించి, పై లేదా కింది అంతస్తుకు చేరవలసి ఉంటుంది.

భద్రత

2019 సెప్టెంబరు 22న వర్షం కురుస్తుండగా స్టేషన్ కింద తలదాచుకున్న ఒక యువతిపై కట్టడం పెచ్చులు ఊడిపడి ఆమె మరణించడం నగరాన్ని కలచివేసింది. ఎత్తున నిర్మించిన స్టేషన్ విషయంలో రైలెక్కే ప్రయాణీకుల భద్రత ఎంత ముఖ్యమో, దాని నీడన నడిచే పాదచారుల భద్రతా అంతే ముఖ్యమని ఈ దుర్ఘటన చాటింది. ఇటువంటి కట్టడాలలో ప్లాస్టరు, అతుకులు, వర్షపు నీటి గొట్టాలను, ముఖ్యంగా వర్షాకాలానికి ముందు, తనిఖీ చేయడం నిర్వహణలో విడదీయరాని భాగం.

కోవిడ్ కారణంగా 2020 మార్చి 22న నిలిచిన సర్వీసులను అదే సంవత్సరం సెప్టెంబరు 7న మొదటి కారిడార్‌లో, 8న మూడవ కారిడార్‌లో పునరుద్ధరించారు. అందువలన అమీర్‌పేటలో రైలు మారే సౌకర్యం రెండవ రోజున గాని తిరిగి అందుబాటులోకి రాలేదు. ఎల్ అండ్ టి నుంచి మెట్రో మొదటి దశను స్వీకరించేందుకు 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది.