కోటవీధిలో కోట ఏది?

మనం మద్దిలపాలెం నుంచి వన్‌టౌన్ వెళ్తే అక్కడ కోటవీధి ఉంటుంది కదా. మరి కోట ఏది? నేను వైజాగ్‌లోనే ఉంటూ చాలా ఏళ్ళు ఈ ప్రశ్న వేసుకోలేదు. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

1680లలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే మన స్టీల్ ప్లాంట్‌లాంటిది కాదండీ. నేతబట్టలు కొని, దాచి, ఓడలకి ఎక్కించే గోదాము. 1689లో ఔరంగజేబు సైనికులు దాని మీద పడి, అక్కడున్న ఇంగ్లీషు ఉద్యోగుల్ని చంపేశారు. ఆ తర్వాతి కాలంలో ఆ గోదామే గోడలు, ఫిరంగులతో కోటయ్యింది.

1757 జూన్‌లో ఫ్రెంచ్ సేనాని బుస్సీ వచ్చి ఈ కోటని పట్టుకున్నాడు. సరిగ్గా అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో ఫోర్ట్ విలియం హెన్రీ కూడా ఫ్రెంచ్‌వాళ్ళకే లొంగిపోయింది. ‘ద లాస్ట్ ఆఫ్ ద మొహికన్స్’ సినిమా చూశారా? అందులో ఉన్నది ఆ కోటే. రెండు కోటలు, రెండు ఖండాలు, యుద్ధం మాత్రం ఒక్కటే: ఏడేళ్ళ యుద్ధం. మరుసటి ఏడాదే విజయనగరం రాజు ఆనంద గజపతి మన కోటని ఫ్రెంచ్‌వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పారు.

ఇంతవరకూ రాజుల కథ, కంపెనీల కథ. అసలు కథ 1780 అక్టోబరు 3న జరిగింది. హైదర్ అలీతో యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్ళమని ఇక్కడి సిపాయిలకి ఆర్డరొచ్చింది. వాళ్ళు ఎక్కమన్నారు. సుబేదార్ షేక్ మహమ్మద్ నాయకత్వంలో తిరగబడ్డారు. కొందరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. కంపెనీ ఆ తిరుగుబాటుని అణిచేసింది.

స్కూల్లో మనం 1857 చదివాం. మన ఊళ్ళో జరిగింది దానికి 77 ఏళ్ళ ముందు! నాకైతే ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో ఆ కోటని మళ్ళీ కట్టి మ్యూజియం చేశారు. టికెట్ కొని చూస్తారు. మనకి మిగిలింది ఒక వీధి పేరు. గోడలు మళ్ళీ కట్టమని నేను అడగట్లేదు. కోటవీధి మొదట్లో ఒక బోర్డు పెట్టి, దాని మీద ఆ తేదీ, ఆ సుబేదార్ పేరు రాస్తే చాలు.

ఈసారి వన్‌టౌన్ వెళ్ళినప్పుడు ఎవరైనా ‘ఇక్కడ కోట ఏదిరా?’ అంటే, ఈ కథ మీరు చెప్పండి. ఉంటాను మరి.